నరసన్నపేటమ్మ అసలు పేరు

గోదావరి పుష్కరాల్లో నాయనమ్మకి పిండం పెట్టాలంటే పేరు చెప్పి తీరాలన్నారు పంతులుగారు. అరవై రెండేళ్ల నారాయణమూర్తికి ఆ పేరే తెలియదు. కోడళ్లని పుట్టింటి ఊరితో పిలవడం అలవాటు కాబట్టి, చీపురుపల్లిలో అందరికీ ఆవిడ నరసన్నపేటమ్మే. ముసలివాళ్లందరినీ అడిగి విసిగి, చివరికి రెండు బస్సులు మారి నరసన్నపేటలో ఆవిడ పుట్టింటికే వెళ్లాడు.

అరుగు మీద ఆ ఇంటి పెద్ద కోడలు చేటలో బియ్యం ఏరుతోంది. నాయనమ్మకి మేనల్లుడి భార్య, అతనికి వరసకి అత్త.

"పేరేటో నానెరగను బాబూ. పెళ్లయెల్లిపోయినాక ఇక్కడందరూ సీపురుపల్లమ్మనీవోలు. ఊడుపులకి దిగితే మాత్రం ఆవిడి సెయ్యి ఆగీది కాదు."

నారాయణమూర్తి అక్కడే కూలబడ్డాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఊరకనే అడిగాడు.

"నీ పేరేటత్తా?"

"పాలకొండమ్మంతారు."

"అది మీ ఊరు కదా. అసలు పేరు?"

ఆమె చేతిలో చేట ఆగింది.

"ఎవులు పిలిసినారని గురుతుంటాది? లోపల రేసను కార్డున్నాది, సూసుకో."