రెండో ప్రతివాది మా అత్తమ్మ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, డబ్లిన్‌లో నేను నర్సు డ్యూటీలో ఉండగా, విడిపోయిన నా భర్త ఫోన్ చేశాడు. పాప సెలవుల సంగతి తప్ప మేం మాట్లాడుకునేది ఏమీ ఉండదు కాబట్టి, తేదీలు చెబుతాడనుకుని పెన్ను తీశాను. "అమ్మ పోయింది" అన్నాడు. వేములపల్లిలో తమ ఇంట్లో, పొద్దున చాయ్ తాగి కూర్చున్న చోటే ప్రాణం పోయిందట. తర్వాత తనే, "నిన్న నీకు ఫోన్ చెయ్యమన్నది. పాప జుట్టు కత్తిరించినవా అని అడగమన్నది" అన్నాడు.

కత్తిరించాను. ఆ సంగతి ఆమెకు ఎలా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఏడేళ్ల కిందట ఇదే అత్తమ్మ మీద నేను హైకోర్టులో కేసు వేశాను. కాగితాల్లో ఆమె రెండో ప్రతివాది. మొదటి ప్రతివాది ఆమె కొడుకు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆమె గురించి నేను రాశానంటే ముక్కున వేలేసుకునేవాళ్లు సూర్యాపేటలో మా అమ్మ వాళ్ల వీధిలోనే ఉన్నారు.

అప్పుడు పాపకు ఐదేళ్లు. మా ఇద్దరికీ పొసగడం లేదు. నెల రోజులు నాయనమ్మ దగ్గర ఉంచి తెస్తానని ఆయన పాపను తీసుకుని ఇండియా వెళ్లాడు. తిరిగి రావలసిన రోజు విమానాశ్రయంలో నేను బెలూన్ పట్టుకుని నిలబడ్డాను. చివరి మనిషి కూడా బయటికి వచ్చాక మెసేజ్ వచ్చింది: "మేం రాము. పాప ఇక్కడే చదువుకుంటది."

పాపను వెనక్కి తేవాలని డబ్లిన్ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అది పట్టుకుని సూర్యాపేటలో వచ్చి పడ్డాను. పోలీసు స్టేషన్‌లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "స్టాంపు మంచిగుంది మేడం. కని గిది గీడ నడవదు" అన్నారు. మా వకీలు గారు ఇంకాస్త వివరంగా అదే చెప్పారు. తల్లో తండ్రో దేశం దాటించిన పిల్లల్ని తిప్పి పంపేందుకు దేశాల మధ్య ఒక ఒప్పందం ఉందట. అందులో మన దేశం లేదట. అక్కడి ఉత్తర్వును ఇక్కడి కోర్టు చూస్తుంది కానీ, పాపకు ఏది మేలో మళ్లీ తనే తేలుస్తుందట. అలా, పాపను కోర్టు ముందు హాజరు పరిచేలా ఆదేశించమని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాం.

నోటీసు అందుకున్న రోజు సంగతి తర్వాత అత్తమ్మే నాకు చెప్పింది. పోస్ట్‌మ్యాన్‌ను రెండుసార్లు అడిగిందట, "నిజంగ నా పేరు మీదనే వచ్చిందా?" అని. "నా పేరు మీద ఎన్నడు పెండ్లి పత్రిక గూడ రాలే బిడ్డా. అన్ని మీ మామ పేరు మీదనే. హైకోర్టోల్లకు మాత్రం నా పేరు ఎరుకైంది." ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచుకుంది.

పాపను దాచే పని కొడుకు ఆమెకు అప్పజెప్పాడు. ఆ పనికి లోకంలో అంత పనికిరాని మనిషి ఇంకొకరు ఉండరు. నేను దిగిన వారానికి ఏదో కొత్త నంబర్ నుంచి ఫోన్.

"పిల్లా, నీ బిడ్డ అన్నం తింటలేదు. పప్పుల ఏమేస్తవ్ నువ్వు?"

"నెయ్యి, జీలకర్ర అత్తమ్మా. ఎక్కడున్నారు మీరు?"

"చెప్పొద్దన్నడు వాడు. నేను చెప్ప. ఆగాగు, కోదాడ బస్సొచ్చింది, మల్ల జేస్త."

కోదాడలో ఆమె చెల్లెలి ఇంటికి పరుగెత్తాను. అప్పటికే నడిగూడెం వెళ్లిపోయారు. ఆ చిన్నత్తమ్మ నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "మా అక్కకి దాచటం చేతకాదమ్మా. పిల్లకి గాలాడాలని పొద్దస్తమానం వాకిట్లోనే కూర్చోబెట్టింది. వీధి వీధంతా వచ్చి పలకరించి వెళ్లారు" అంది. నడిగూడెం వెళ్తే పెన్‌పహాడ్ అన్నారు. పెన్‌పహాడ్ వెళ్తే నిన్ననే ఇంటికి పోయారన్నారు. బస్సులో ఏడుస్తూ కూర్చున్న రోజులున్నాయి. ఆమెను జైల్లో పెట్టించాలని పళ్లు కొరికిన రోజులూ ఉన్నాయి. అది దాచను.

పాపను హాజరు పరచమని హైకోర్టు ఆదేశించాక, వేములపల్లి ఇంటికి పోలీసులు వెళ్లారు. అత్తమ్మ గడపకు అడ్డంగా నిలబడి, కొడుకు నేర్పినట్టే అప్పజెప్పింది.

"పాప గీడ లేదు సారూ."

"ఎక్కడుందమ్మా?" అని ఎస్సై గట్టిగా అడిగాడు.

"జర మెల్లగ మాట్లాడుండ్రి. ఇప్పుడిప్పుడే పండుకున్నది."

అలా కేసు కదిలింది.

వాయిదా రోజు కోర్టు వరండాలో నేనొక బెంచీ మీద, వాళ్లొక బెంచీ మీద కూర్చున్నాం. నేను ఏమీ తినలేదని ఆమె అక్కడినుంచే పసిగట్టింది. పులిహోర గిన్నె తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ల వకీలు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆమె మన ఎదుటి పార్టీ!"

"ఎదుటి పార్టీకి ఆకలి గాదా సారూ?"

నేను తిన్నాను. ఉప్పు తక్కువైంది, ఆ మాట మాత్రం అనలేదు.

జడ్జి గారు పాపను తన గదిలోకి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావని అడిగారు. డబ్లిన్‌లో ఇంగ్లీషు తప్ప మాట్లాడని నా కూతురు, "అమ్మ కాడ ఉంట. నాయినమ్మను గూడ తీస్కపోత" అందట. పాపను నాలుగు వారాల్లో తల్లితో పంపాలని, తండ్రి రోజూ వీడియోలో మాట్లాడొచ్చని, సెలవుల్లో చూడొచ్చని తీర్పు వచ్చింది. అత్తమ్మను కూడా పిలిచి, "ఏమమ్మా, సరేనా?" అని అడిగారు. ఆమె తల ఊపింది.

తీర్పు చేతికొచ్చింది కానీ పాప రాలేదు. ఆయన పాస్‌పోర్టు పోయిందన్నాడు, అప్పీలుకు పోతానన్నాడు. మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున సూర్యాపేట కొత్త బస్టాండు నుంచి ఫోన్: "పిల్లా, జల్ది రా. పొల్లకు ఉక్కపోస్తుంది."

వెళ్లేసరికి అత్తమ్మ పాప చేయి పట్టుకుని నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి పాస్‌పోర్టు తీసి నా చేతిలో పెట్టింది. దానికి మినప్పప్పు పొట్టు అంటుకుని ఉంది. "మినుముల డబ్బాల దాసిండు. వంటింట్ల డబ్బాలు ఎవరు తీస్తరో గా తెలివిగల్లోనికి తెల్వది."

"ఆయనకు చెప్పే వచ్చారా అత్తమ్మా?"

"పొయ్యినంక చెప్త. జడ్జి సారు ముంగట తలకాయ ఊపిన. ఊపి మల్ల మాట తప్పుతనా?" అని పాప చెవులు రెండూ తన చేతులతో మూసి, గొంతు తగ్గించింది. "మొదట్ల అమ్మ ఏదని రోజు అడిగేది. పది రోజుల సంది అడుగుతలేదు. నాకు గదే భయమైంది."

కొడుకు ఆమెతో ఏడాది మాట్లాడలేదు. ఎలా ఉన్నారని నేను అడిగితే, "మాట్లాడడు. మూడు పూటల తింటడు" అనేది. తర్వాత మాటలూ కలిశాయి. ఏటా సెలవుల్లో పాపను తీసుకెళ్లి ఆమె దగ్గర దింపేదాన్ని. ఆ నెల్లాళ్లూ నాకు భయం వేయలేదు. తిరుగు ప్రయాణానికి వారం ముందే ఆమె ఫోన్ చేసి, "పాస్‌పోర్టు నా కాడనే ఉన్నది, పరేషాన్ గాకు" అని చెప్పేది.

ఆమె పదో రోజుకు పాపా నేనూ వచ్చాం. కోడలు స్థానంలో నిలబడాలా వద్దా అని బంధువులు గుసగుసలాడుతుంటే, ఆయనే వచ్చి "నువ్వు గిట్ల ముంగటికి రా" అన్నాడు. వెళ్లి నిలబడ్డాను.

ఆమె అనగానే నాకు కనిపించేది మాత్రం ఆ రోజు బస్టాండే. పాపను నాకిచ్చి, ఇంటికి వెళ్లేందుకు మిర్యాలగూడ బస్సెక్కింది. నేను కిందినుంచి చూస్తున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఇద్దరు కూర్చునే సీట్లో ఆమె బయటి అంచున కూర్చుని, కిటికీ పక్క ఖాళీ మీద అరచేయి పెట్టి ఉంచింది. నిలబడ్డ ఒకామె వంగి, జరగమని అడిగింది.

"ఆగమ్మా, పొల్ల కూసుంటది" అంది అత్తమ్మ.

అని పక్కకు చూసింది. అరచేయి తీసి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా కిటికీ వైపుకు జరిగింది.