తొట్టిలో ఉప్పు

వెర్రిబీలో ఇల్లు అమ్మేసి బల్లారట్ ఊరి అవతల ఐదెకరాలు కొన్నది మా అమ్మాయి పోరు పడలేకే. ఆ పిల్ల ప్రాణమంతా ఇరవై ఏళ్లు దాటిన ఒక ఆడగుర్రం మీదే. ఈ దేశంలో జూలై అంటే నడి చలికాలం, అక్కడ తెల్లారేసరికి గుర్రం నీళ్ల తొట్టి మీద మంచు పలక కట్టేస్తుంది. అమ్మాయి స్కూలుకు వెళ్లేముందు సుత్తితో దాన్ని పగలగొట్టేది. ఉప్పునీళ్లు నింపి మూత బిగించిన సీసాలు రెండు తొట్టిలో వదిలేది. అవి కదులుతూ ఉంటే నీళ్లు త్వరగా గడ్డకట్టవని చెప్పేది.

నాకు నవ్వొచ్చింది. ఉప్పు సీసాలో ఉంటే తొట్టికేం లాభం? ఎంసెట్ కోసం బట్టీపట్టిన ఫిజిక్సు నాకింకా గుర్తే. అమ్మాయి మూడు రోజుల స్కూల్ క్యాంపుకు వెళ్లగానే సీసాలు తీసి పక్కన పెట్టాను. స్విమ్మింగ్ పూల్‌లో వేసే ఉప్పు అర బస్తా తొట్టిలో కుమ్మరించి కర్రతో కలిపాను.

మర్నాడు మంచు లేదు. పైగా నీళ్లు అంగుళం కూడా తగ్గలేదు. నింపే పని తప్పిందని సంతోషించి, మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను కూడా.

మూడో రోజు పొద్దున గుర్రం గిట్టతో నేల గీకుతూ, తల తిప్పి తన పొట్టకేసి చూసుకుంటోంది. చూస్తుండగానే కూలబడింది. పశువుల డాక్టరమ్మ వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నీళ్లు, నూనె ఎక్కించింది. నీళ్లు తాగక పేగుల్లో మేత గట్టిపడిందట. సాయంత్రంలోగా లద్దె వేస్తే బతికినట్టేనంది.

మధ్యాహ్నం క్యాంపు నుంచి వచ్చిన అమ్మాయి గుర్రాన్ని చూసింది, పక్కన పడున్న సీసాలను చూసింది.

"డాడ్, డిడ్ యూ ఈవెన్ టేస్ట్ ఇట్?"

మా ఆవిడా ఊరుకోలేదు.

"రుచి చూడకుండా పెట్టడానికి అదేమన్నా నైవేద్యమా అండీ?"

దోసిట్లో నీళ్లు తీసి నోట్లో పోసుకున్నాను. మింగలేక ఉమ్మేశాను. సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది.

చీకటి పడేముందు గుర్రం లద్దె వేసింది. అమ్మాయి ఆ లద్దె పక్కనే కూర్చుని ఏడ్చింది.

ఇప్పుడు పొద్దున్నే సుత్తి పని నాది. తొట్టి కడిగి మంచినీళ్లు నింపాం, సీసాలు మళ్లీ అందులోనే ఉన్నాయి. నేనుండగా గుర్రం దగ్గరికి రాదు. నేను గుక్కెడు తాగి కంచె దాకా నడిచాకే వచ్చి తొట్టిలో మూతి పెడుతుంది.