ఖాళీ గడిలో ముప్పై ఆరు

మారేడ్‌పల్లిలో నేను పొద్దున్నే ఇడ్లీ కొనే బండివాడు చట్నీ సంచికి వేసే ముడి మానవమాత్రుడు విప్పగలిగేది కాదు. పళ్ళతో కొరకాలి. కొరికితే చట్నీ చొక్కా మీదకొస్తుంది. ఈ సంగతి అతనికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పే ధైర్యం లేక ఇంకో చొక్కా వెంట తీసుకెళ్తున్నాను.

మీకు చెప్పాలనుకున్నది ఇది కాదు. చెప్పాలనుకున్నది ఆరేళ్ళుగా నా గుండె మీద బరువుగా కూర్చుని ఉంది. దాన్ని ఇంకాసేపు వాయిదా వేద్దామని చట్నీ ఎత్తుకున్నాను. నేను ఎప్పుడూ ఇంతే. నవ్వించి తప్పుకుంటాను.

మాది చీరల మీదికి జాకెట్లు కుట్టి పంపే ఆన్‌లైన్ వ్యాపారం. మాది అంటే సునీత మేడంది. నేను అందులో అంకెలు చూసే ఉద్యోగిని. ఏ అంకె చూస్తే వ్యాపారం బాగున్నదీ లేనిదీ తెలుస్తుంది? దాన్ని ఎంచిపెట్టడమే నా పని. ఎంచాను. పంపిన ప్రతి వంద జాకెట్లలో ఎన్ని సవరణకు తిరిగొచ్చాయి అన్నది. దాన్ని ఒక్కో దర్జీకి విడిగా లెక్కగట్టి, పేర్లతో సహా సోమవారం గోడకు అంటించేవాణ్ణి.

జాబితా అడుగున ఎప్పుడూ యాదగిరి మాస్టరే. రెజిమెంటల్ బజార్‌లో సొంత దుకాణం మూసేసి మా దగ్గర చేరిన మనిషి. పెద్దవయసు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆయనకే ఇచ్చేవాళ్ళం. వంగిన వీపుకూ జారిన భుజానికీ కుట్టడం మిగతావాళ్ళకు రాదు. చేరిన రోజే ఆయన ఒకటే అడిగాడు, ఆది జాకెట్టు తెప్పించమని. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి కొలతకు పక్కన ఉంటే తప్ప గుడ్డ మీద కత్తెర పెట్టడం ఆయనకు అలవాటు లేదు. ఆది తెప్పిస్తే నాలుగు రోజులు ఆలస్యం. ఎన్ని రోజుల్లో పంపామన్న నా ఇంకో అంకె పాడవుతుంది. వద్దన్నాను. వెబ్‌సైటులో కొలతల ఫారం ఉంది కదా అన్నాను. ఆ ఫారం చేసింది నేనే.

పోయిన జాకెట్టు తప్పక తిరిగి వస్తుంది కనుక ఆయనకు ‘రిటర్న్ టికెట్ మాస్టర్’ అని పేరు పెట్టింది కూడా నేనే. అందరూ నవ్వారు. ఆయన కూడా, మొదటిసారి.

ఒక శనివారం, తిరిగొచ్చిన జాకెట్ల చీటీలు వరుసగా పేర్చి చూస్తున్నాను. మాస్టర్ చీటీల్లో దాదాపు అన్నిట్లోనూ ఛాతీ కొలత ముప్పై ఆరు. అంతమంది ఆడవాళ్ళకు ఒకే కొలత ఉంటుందా? ఫారాన్ని పరీక్షించేటప్పుడు ఆ గడిలో నేను ముప్పై ఆరు వేసి, తీసేయడం మరిచిపోయాను. ఎవరైనా గడి ఖాళీగా వదిలేస్తే నా అంకె వెళ్ళి అందులో కూర్చుంటోంది. టేపు పట్టుకుని తమను తాము కొలుచుకోలేక వదిలేసేదెవరు? పెద్దవయసువాళ్ళు. వాళ్ళ జాకెట్లు ఎవరికి వెళ్తాయి?

రెండు నిమిషాల్లో సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. సోమవారం చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఆ అనుకోవడం తర్వాతెప్పుడో నా సౌకర్యం కోసం అతికించుకున్నదా అన్నది ఇప్పుడు తేల్చుకోలేను.

సోమవారం మేడం గోడ ముందు నిలబడి మాస్టర్‌ని పిలిచింది.

“మాస్టర్, ఏందిది? మళ్ళ మీరే లాస్ట్.”

“కాయితంల ముప్పై ఆరు ఉంటే ముప్పై ఆరే కోసిన మేడం. ఆది తెప్పియ్యుండ్రి అని ఎన్నిసార్లు జెప్పిన? ఈ సారునే అడుగుండ్రి.”

మేడం నావైపు తిరిగింది. “నువ్వు చెప్పు. ఫారంల ఏమన్న ప్రాబ్లమ్ ఉన్నదా?”

“ఫారం బాగానే ఉంది మేడం,” అన్నాను.

గమనించారా, అందులో అబద్ధం లేదు. శనివారం నుంచి బాగానే ఉంది. అంత జాగ్రత్తగా నిజం చెప్పడం నాకు మళ్ళీ ఎప్పుడూ చేతకాలేదు.

ఆ వారమే మాస్టర్‌ని మానిపించారు. కత్తెరా, టేపూ, స్టూలు మీద పరుచుకునే దుప్పటి మడతా తీసుకుని వెళ్తూ మెట్ల దగ్గర నాకు నమస్కారం కూడా పెట్టాడు. తర్వాతి నెల సవరణలు బాగా తగ్గాయి. తగ్గవా మరి? మేడం గ్రాఫులో కిందికి దిగిన ఆ గీత చూసి మురిసిపోయింది. మాస్టర్ వెళ్ళాక గీత దిగింది కనుక తప్పు మాస్టర్‌దే. నేను ఎంచిన అంకే సాక్ష్యం చెప్పింది. నాకు హోదా పెరిగింది. కొత్తగా చేరినవాళ్ళకు సరైన అంకెను ఎంచుకోవడం ఎలాగో పాఠం చెప్పమన్నారు. అప్పటినుంచి ప్రతి బ్యాచికీ అదే గీత చూపించి అదే కథ చెబుతున్నాను, నేను పెట్టిన పేరుతో సహా. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు. చెబితే, చెప్పిన ప్రతిసారీ ఆ మనిషిని మళ్ళీ మెట్లు దింపినట్టుంటుంది. నాకున్న దారులు ఈ రెండే అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. మూడోది ఉందని మీకు తెలుసు. నాకూ తెలుసు.

పోయిన నెల రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళాను. వేరేవాళ్ళ దుకాణం అరుగు మీద కుట్టుమిషను వేసుకుని మాస్టర్ ప్యాంట్లకు జిప్పులు మారుస్తున్నాడు. కంపెనీవాళ్ళే పనికిరాడని పంపేశారని తెలిశాక ఎవరూ ఆయనకు జాకెట్టు గుడ్డ ఇవ్వడం లేదట. పక్కన బొత్తాలమ్మే ఆమె చెప్పింది. ‘రిటర్న్ టికెట్’ అన్న మాట కూడా ఆమె నోటనే విన్నాను. నేను పెట్టిన పేరు ఆయనకంటే ముందే అక్కడికి చేరినట్టుంది.

ఆయన ఎదుట కూర్చుని అంతా చెప్పాను. ఖాళీ గడి, ముప్పై ఆరు, శనివారం. ఒక్క జోకూ వెయ్యలేదు. అయ్యాక, ఆరేళ్ళలో మొదటిసారి ఊపిరి నిండుగా అందింది. అందినందుకు సిగ్గేసింది.

మాస్టర్ దారం కొస కొరికి, ప్యాంటు పక్కన పెట్టి, నా మొహంలోకి చూశాడు.

“కాయితంల ఉన్నదే కోసిన్నని నాకెరుకనే గద సారు. గిదంత నాకెందుకు జెప్తున్నవ్? మేడంకు జెప్పినవా?”