మామకు గంజి తాగించిన మధ్యాహ్నం

పాతికేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. నా పేరు చెప్పను. మీరు మా ఊరివాళ్లు కాకపోతే మేలు. అయినా సరే, వినండి.

అరవైలలో మాట. ఆర్మూర్‌లో మా మామకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మూతి వంకరపోయింది. దవాఖాన డాక్టరు మా అత్తనూ, నన్నూ, నా తోడికోడలు రాజవ్వనూ నిలబెట్టి చెప్పాడు. పడుకోబెట్టి ఏమీ తాగించొద్దు. కూర్చోబెట్టి చెంచాడు చెంచాడు పోయాలి. పొలమారితే ఆపేయాలి. లేకుంటే గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం వస్తుంది, ఈ స్థితిలో ఆ జ్వరాన్ని మనిషి తట్టుకోలేడు.

పొద్దున రాజవ్వ, మధ్యాహ్నం నేను. పన్నెండు రోజులు చెప్పినట్టే చేశాను.

పదమూడో రోజు పెరట్లో పసుపు ఉడుకుతోంది. కొమ్ముకు పుల్ల గుచ్చి ఎప్పుడు దించాలో చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని పేరు. ఆ పేరంటే నాకు మహా మోజు. మామను లేపి, వెనక బొంత ఆనించి కూర్చోబెట్టాలంటే చాలాసేపు పడుతుంది. కూలీలు పిలుస్తున్నారు. పడుకున్న మనిషి నోట్లో గిన్నెడు గంజి గబగబా పోశాను. ఆయన దగ్గాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూతి తుడిచి వెళ్లిపోయాను. పసుపు చక్కగా ఉడికింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

మూడో నాటికి జ్వరం, రొమ్ములో గరగర. డాక్టరు గొట్టం పెట్టి విని మావైపు తిరిగాడు.

“ఎవరన్నా పండబెట్టి తాపిన్రా?”

అత్త రాజవ్వనే చూసింది. రాజవ్వది తొందర చేయి అని ఆమె నమ్మకం.

“నేను కూసోబెట్టే తాపిన డాక్టర్ సాబ్, ఒట్టు,” అంది రాజవ్వ.

“నువ్వమ్మా?” అని నన్నడిగాడు.

“నేను గట్లెందుకు జేస్త సారూ,” అన్నాను.

సూదులు వేశారు. ఐదో రోజు మామ పోయాడు. నిజం చెప్పి ఉంటే బతికేవాడా? ఏమో. ఆ ప్రశ్న వెనక దాక్కోవడం కూడా నాకు అలవాటే, ఎందుకంటే మామ సంగతి తేలకపోయినా రాజవ్వ సంగతి నాకు బాగా తెలుసు. అత్త బతికినన్నాళ్లూ ఆమె చేతి నీళ్లు తాగలేదు. నా చేతి నీళ్లే తాగింది. నేను ఇచ్చాను.

మొన్న వేల్పూర్‌లో ఒక పెళ్లిలో రాజవ్వ నా పక్కన కూర్చుంది. జుట్టంతా నెరిసింది.

“అక్కా, గా దినం నేనే సక్కగ కూసోబెట్టలేదేమో. యాదికొస్తలేదు,” అంది.

అందరూ అనగా అనగా తనే నమ్మేసింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాను.

రాజవ్వ కూర్చోబెట్టే తాగించింది. పడుకోబెట్టి పోసింది నేను. ఆమెకు చదువు రాదు, ఇది చదవదు. అది తెలిసే రాస్తున్నానేమో. అయినా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.