కంఠతా వచ్చిన పదిహేను మాటలు

ఆయన బస్సు వచ్చిందంటే జనం చేతి వాచీలు సరిచేసుకునేవాళ్లు. అందుకే డిపోలో ఆయన్ని గడియారం అనేవాళ్లు. ఇరవై రెండేళ్లు స్టీరింగు పట్టిన మనిషి, బస్సు అద్దం తుడుస్తూ జారి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. దేవుడు చల్లగా చూశాడు, గాయం మానింది. కానీ జ్ఞాపకం, ధ్యాస సరిగ్గా ఉన్నాయని ఆసుపత్రిలో పరీక్ష చేయించి కాగితం తెస్తేనే బండి ఇస్తామన్నారు డిపోవాళ్లు.

మూడు నెలల కిందట మొదటిసారి వెళ్తే, పరీక్ష చేసే అమ్మాయి పదిహేను మాటలు చదివి తిరిగి చెప్పమంది. ఆరింటి దగ్గరే ఆగిపోయాడు. ఓరగా వేసిన తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న భార్య మాత్రం అన్నీ విని మందుల చీటీ వెనక రాసుకుంది. ఆ అమ్మాయి ఐదుసార్లు చదివింది మరి, ఒక్కటీ తప్పిపోలేదు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆయనచేత వల్లె వేయించింది. పాఠం రానివాడు చదువుకుని వెళ్తే తప్పేముందని ఆమె లెక్క. చూడవచ్చిన కండక్టరు, బావకు బండి ఇవ్వకపోయినా అక్కయ్యకు ఇచ్చేస్తారని ఏడిపించాడు కూడా.

ఈ రోజు రెండోసారి. ఆ అమ్మాయి మంచినీళ్లిచ్చి, కాగితం చేతిలోకి తీసుకుంది.

"దిండు," అని మొదలుపెట్టింది.

మిగతా పద్నాలుగూ ఆయన నాలుక చివర వరసగా వచ్చి నిలబడ్డాయి. గడగడా చెప్పేస్తే రేపే బండి చేతికొస్తుంది. కానీ తన తల బాగుపడిందో లేదో తనకే తెలియదాయె. నిండు బస్సుతో మలుపులో ఉన్నప్పుడు అది మొరాయిస్తే?

"ఆగమ్మా," అన్నాడు. "ఇవన్నీ మా ఆవిడ నాచేత బట్టీ పట్టించింది. దాన్నేమీ అనకు."

ఆ అమ్మాయి కోప్పడలేదు. ఇక్కడ మార్కుల గొడవ లేదని, కొత్త సంగతిని తల ఎలా పట్టుకుంటుందో చూడడమే పని అని చెప్పి, వేరే మాటలు తీసింది. తొమ్మిది చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత సున్నాల్లో అంకెలూ అక్షరాలూ చెల్లాచెదురుగా ఉన్న కాగితం పెట్టింది. ఒకటి, అ, రెండు, ఆ... అలా మార్చి మార్చి గీత కలుపుతూ పోవాలి, వీలైనంత త్వరగా. నాలుగు దాకా బాగానే సాగింది. అక్కడ అక్షరం మరిచి నేరుగా ఐదుకు పోయాడు. ఆమె వెనక్కి తెచ్చింది. మళ్లీ అంతే. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గీత పూర్తికాకముందే సంగతి ఆయనకు అర్థమైపోయింది.

"నిజం చెప్పమ్మా. నీ పిల్లల్ని నా బస్సు ఎక్కిస్తావా?"

ఆమె కాగితం వంక చూసి, ఆయన వంక చూసింది.

"ఇవాళ్టికైతే ఎక్కించను, బాబాయ్."

జ్ఞాపకం బాగానే పుంజుకుందనీ, రెండు పనులు ఒకేసారి చూసుకోవాల్సి వస్తేనే తడబాటనీ, ఆరు నెలలాగి మళ్లీ చూద్దామనీ మెల్లగా చెప్పింది. బయటికొచ్చి భార్య పక్కన కూర్చుంటే, ఆమె ఆయన మొహం చూసి బిక్కచచ్చిపోయింది.

"నేను సరిగ్గా నేర్పలేదా?"

"బాగానే నేర్పావు," అన్నాడాయన. "నేనే చెప్పలేదు."