దేవుని పటం పక్కన దుబాయ్ డబ్బా

పిల్లలకు మొదటి తిండి ఇంట్లో చేసింది పెట్టాలా, డబ్బాలోది పెట్టాలా అని మా వాడకట్టు కోడళ్ళు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. ఏదైనా పెట్టండి, కానీ కడుపు నిండా పెట్టండి అంటాను. ఫోన్లో నీతులు చెప్పే ఆడవాళ్ళున్నారే, డబ్బా విషమని ఒకామె, ఇంటి పొడిలో ఏముందని ఇంకొకామె, ఆ ఇద్దరినీ నేను లెక్కచేయను. నా బిడ్డ విషయంలో ఒకరి మాట విని రెండు నెలలు ఊరుకున్నాను. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయన, బాపు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తాడు. నన్ను ఇచ్చింది లక్సెట్టిపేట దగ్గరి పల్లెకు, పత్తి చేను ఉన్న ఇంటికి. పాపకు మూడు నెలలప్పుడు మా ఆయన సెలవు అయిపోయి మళ్ళీ దుబాయ్ పోయాడు. ఇంట్లో మిగిలింది అత్తమ్మ, నేను, పాప.

పాపకు ఆరు నెలలు నిండగానే, ఊరికి వస్తున్న ఒకతని చేతికిచ్చి ఆయన ఒక డబ్బా పంపాడు. వేడి నీళ్ళలో కలిపి పెట్టే గోధుమ పొడి. డబ్బా మీద బూరెల్లాంటి బుగ్గలతో ఒక తెల్ల పిల్లవాడు నవ్వుతున్నాడు. అత్తమ్మ దాన్ని తీసుకుపోయి దేవుని పటం పక్కన పెట్టింది. బొట్టు ఒక్కటే పెట్టలేదు. గడపలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ చూపించింది. "నా కొడుకు పంపిండు. గిసొంటిది ఈడ దొర్కది" అనేది.

నేను ఇంటర్ దాకా చదివాను. డబ్బా మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. పూటకు మూడు నిండు చెంచాలని రాసుంది. అత్తమ్మ సగం చెంచా పోసి గిన్నెడు నీళ్ళు కలిపేది. ఆ కలపడం కూడా నా చేతికి ఇచ్చేది కాదు. చేనుకు పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తానే కలిపి, తానే తాగించేది. పాప గిన్నె నాకి, ఇంకా కావాలని అత్తమ్మ కొంగు పట్టి గుంజేది.

"అత్తమ్మా, మూడు చెంచాలు పొయ్యాల్నట" అన్నాను.

"రాసేటోళ్ళకేం ఫికరు? గట్ల పోస్తె నెల దినాలల్ల అయిపోతది. నువ్వు సక్కగ పాలియ్యి సాలు."

నేనిచ్చే పాలు పాపకు చాలడం లేదు. ఆరో నెలలో అంగన్‌వాడీ తూకంలో ముల్లు ఆరు కిలోల మీద నిలబడింది. ఏడో నెలలో అక్కడే ఉంది. ఎనిమిదో నెలలోనూ అక్కడే ఉంటే టీచరు కార్డు మీద చుక్క పెట్టి నా వైపు తిప్పింది. చుక్క ఆకుపచ్చ పట్టీ దాటి పసుపులోకి దిగింది. "ఇంకో నెల గిట్లనే ఉంటె ఎరుపులకు పోతది. ఏం పెడ్తున్నవమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "దుబాయ్ డబ్బా పెడ్తున్నం టీచరమ్మా. దీని పాలల్లనే బలం లేదు."

నలుగురిలో ఆ మాట పడ్డాను. ఇంటికి రాగానే, తైదలు, అవే రాగులు, మొలకెత్తించి పొడి చేస్తాను, జావ కాచి పెడతాను అని చెప్పాను. మమ్మల్ని కన్న మా అవ్వ నలుగురినీ పెంచింది దానితోనే.

అత్తమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "మేము తైద అంబలి తాగితిమి, ఇంట్ల ఏం లేక తాగితిమి. కొడుకు గంత దూరం పోయి ఎండల పనిజేస్తుంటే, నా మనుమరాలు గూడ గదే తాగాల్నా? ఊరంత నవ్వదా?"

ఊరు నవ్వుతుందని నా బిడ్డ మాడాలా? ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగాను. ఆ మింగడమే నేను చేసిన తప్పు.

బాపుకు ఫోన్ చేసి ఏడ్చాను. మూడో రోజు బస్సు దిగి వచ్చాడు. కొలిచి మూటగట్టిన అడిసెడు తైదలు, కొంచెం పెసరపప్పు, మెత్తటి నూలు బట్ట ముక్క తెచ్చాడు. ఇప్పుడు సాంచాల మీదంతా పాలిస్టరే, నూలు అరుదు. ఎప్పటిదో దాచుకున్న ముక్క. "గీ బట్టల జల్లిస్తే పొట్టంత పోతది బిడ్డా, పోరి గొంతుకు తట్టది" అన్నాడు. ఇంకేమీ అడగలేదు, చాయ తాగి వెళ్ళిపోయాడు.

అత్తమ్మ చేనుకు పోయాక నా పని మొదలయ్యేది. తైదలు నానబెట్టి, మూటగట్టి, మొలకలు వచ్చాక నీడలో ఆరబెట్టాను. సన్న సెగ మీద పెసరపప్పుతో పాటు దోరగా వేయించి, మిక్సీలో పట్టి, బాపు ఇచ్చిన బట్టలో జల్లించాను. ఆ పొడితో చిక్కగా జావ కాచి, చుక్క నెయ్యి వేసి పెడితే పాప మొదటి ముద్దకు మొహం చిట్లించింది. రెండో ముద్దకు నా వేలు కొరికింది. మూడో రోజుకల్లా గిన్నె కనబడితే చాలు, చేతులు కాళ్ళు ఆడించేది. తిన్నాక నిద్రపోయేది. ఆకలి ఏడుపు లేని మధ్యాహ్నం ఆ ఇంట్లో అదే మొదలు. నేను పక్కనే కూర్చుని ఏడ్చాను, సంతోషంతో.

దొంగతనంగా పెట్టాను. నా బిడ్డకు నేను తిండి పెట్టడానికి గిన్నెలు కడిగి దాచాను. ఇప్పుడు తలచుకుంటే నాకు నా మీదే చిరాకు.

తర్వాతి తూకంలో ముల్లు ఆరు దాటి, ఆ పై నెల ఏడు దగ్గరికి వచ్చింది. చుక్క ఆకుపచ్చలోకి ఎక్కింది. అత్తమ్మ పాపను ఎత్తుకుని అందరికీ తిప్పి చూపించింది. "చూసిన్రా! నా కొడుకు పంపిన డబ్బా!"

మా వాడకట్టులో పత్తి ఏరే కూలికి వచ్చే ఒకామె ఉంది. తన చంటిపిల్లను చంకనేసుకుని అక్కడే నిలబడింది. ఆ పిల్ల జావ తాగి దిట్టంగా ఉండేది. ఆమె ఆశగా అడిగింది. "పెద్దవ్వా, గసొంటి డబ్బా మంచిర్యాలల దొర్కుతదా? ఒక్కటి కొంట. నీ లెక్కనే పొద్దుకు సగం చెంచా పోస్త. జావ బంద్ జేస్త."

సగం చెంచా అన్న మాట చెవిన పడగానే ఇక ఆగలేకపోయాను.

"బంద్ జెయ్యకు అక్కా!" అని అరిచాను. "నా బిడ్డ బరువెక్కింది డబ్బాతోని కాదు. నేను తైద జావ పెడ్తున్న, రోజు, పగటిపూట. డబ్బాది సగం చెంచా తాగినన్ని దినాలు ఆకలికి మాడింది. నా పాలల్ల బలం ఉంది. గిన్నెలనే లేదు!"

అత్తమ్మ పాపను నా చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంటికి పోయేసరికి ఆమె అరుగు మీద కూర్చుని కొడుకుకు వీడియో కాల్ చేసింది. "నీ పెండ్లాం నలుగుర్ల నా ఇజ్జత్ దీసింది" అని చెబుతోంది. నేను తప్పించుకోలేదు. పాపను ఎత్తుకుని ఫోను ముందే నిలబడ్డాను.

"నేను పంపింది తినవెడ్తలేవా?" అన్నాడు ఆయన. గొంతు చిన్నబోయింది.

"పెడ్త. మూడు నిండు చెంచాలు పొయ్యనిస్తె ఇయ్యాల్టి సంది నేనే పెడ్త. జావ గూడ పెడ్త, అందరి ముంగటనే పెడ్త. దాసి పెట్టుడు ఇగ నాతోని కాదు. ఇన్ని దినాలు అవ్వ సగం చెంచానే పోసింది, అడుగు."

ఆయన తల్లిని పిలిచాడు. "అవ్వా, సగమే ఎందుకు పోసినవే?" అన్నాడు.

అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మల్ల దుబాయ్ నుంచి ఎవలన్న అచ్చేదాంక ఉండద్దా బిడ్డా? గది అయిపోతె నువ్వు పంపింది ఇంట్ల ఏముంటది?"

ఆ మాటకు నా గుండె కరిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, కరిగింది. కానీ ఆ రెండు నెలలు పాప గిన్నె నాకిన చప్పుడు కూడా నాకు వినిపిస్తూనే ఉంది. లోపలికి పోయి పటం పక్కనుంచి డబ్బా తీశాను. అత్తమ్మ ఎదుటే, ఫోన్లో ఆయన చూస్తుండగానే, మూడు నిండు చెంచాలు గిన్నెలో పోసి కలిపాను. పాప చివరి ముద్ద దాకా తిని మొహం పక్కకు తిప్పేసింది. చాలు అని తిప్పేసింది. డబ్బా తిండి ముందు నా బిడ్డ అలా మొహం తిప్పడం అదే మొదటిసారి.

డబ్బాలో మిగిలింది పది రోజుల్లో అయిపోయింది. కడిగి ఎండబెట్టి, నేను చేసిన తైద పొడి అందులో నింపాను. తెల్ల పిల్లవాడి బొమ్మతో సహా మళ్ళీ దేవుని పటం పక్కనే పెట్టాను. అనుకుంటే అనుకోనీ అని అత్తమ్మ వైపు తిరిగి నిలబడ్డాను.

ఆమె డబ్బాను చాలాసేపు చూసింది.

"మూత గట్టిగ పెట్టు పిల్లా, పురుగు వడ్తది" అంది.