అలల అవతల ఆగిన పడవ

లాక్‌డౌన్‌లో భావనపాడు పక్కనున్న మా ఊళ్లో నేను ఆశా కార్యకర్తని. మాస్కు కట్టుకుని, జ్వరం చూసే మిషను పట్టుకుని ఇంటింటికీ తిరగడం నా పని.

ఒక ఉదయం తీరం వైపు నుంచి కేకలు వినిపించి పరుగెత్తాను. చెన్నైకి చేపల వేటకెళ్లి చిక్కుకుపోయిన మా ఊరివాళ్లు, బస్సులూ రైళ్లూ లేక, పడవ ఒకటి సంపాదించి సముద్రం మీదుగా వచ్చేశారు. అందులో నా మరిది కూడా ఉన్నాడు. ఒడ్డున మగవాళ్లు తెడ్లు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు.

"ఒక్కడు కూడా దిగడానికి ఈల్లేదు" అన్నాడు ఊరిపెద్ద. వరసకి నాకు మావ. "ఊళ్లో ముసిలోళ్లున్నారు, పసిపిల్లలున్నారు."

"మంచినీళ్లయిపోనాయి ఒదినా" అని పడవలోంచి మరిది అరిచాడు.

మా అత్త చీరతోనే నీళ్లలోకి దిగిపోయింది. ఆడవాళ్లు రెక్కలు పట్టి వెనక్కి లాగారు. నాకు ఎటూ తోచలేదు. దిగనివ్వమంటే మరిది కోసం అంటున్నాననుకుంటారు. ఊరుకుంటే అత్త ముఖం ఎలా చూడను?

"మావా, నానెల్లి సూసొత్తాను. జొరముంటే ఉందనే సెప్తాను. ఆ మీదట నన్ను కూడా ఊళ్లోకి రానీకండి" అన్నాను.

ఆయన తల ఊపాడు.

నీళ్ల డబ్బాతో తెప్ప మీద వెళ్లి పడవెక్కాను. ఒక్కొక్కరి నుదుటికీ మిషను పెట్టాను. మరిదికి జ్వరం లేదు. చివర్న టార్పాలిను కింద ఒకతను ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి ఆయాసంగా వస్తోంది.

"సెప్పకు ఒదినా" అన్నాడు మరిది గొంతు తగ్గించి. "సెప్తే మమ్మల్ని మళ్లీ సంద్రంలోకి తోసేత్తారు."

ఒడ్డున అందరూ నన్నే చూస్తున్నారు.

"ఒకడికి జొరం ఉన్నాది" అని అరిచాను. "ఆసుపత్రికి పంపకపోతే బతకడు."

తెడ్లు పైకి లేచాయి. ఎవరో తిట్టారు. మావ చెయ్యెత్తి వాళ్లని ఆపి, తుఫాను షెల్టరు తాళం తెమ్మన్నాడు. తర్వాత దూరం నుంచే నాతో, "అందరూ బాగున్నారని సెప్పుంటే నిన్ను నమ్మీవోణ్ణి కాదు" అన్నాడు.

జ్వరమున్నతన్ని అంబులెన్సు తీసుకెళ్లింది. మేమంతా షెల్టరులో ఉండిపోయాం. మరిది నాతో మాట్లాడలేదు. అత్త గేటు దగ్గర అన్నం పెట్టి వెళ్లిపోయేది. ఆసుపత్రికెళ్లినతనికి కరోనాయేనని తేలింది. మాలో ఇంకో ఇద్దరికి కూడా వచ్చి, తేలిగ్గానే పోయింది. అతను గండం దాటాడని ఫోనొచ్చిన రోజు మరిది గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మళ్లీ పనిలోకి వెళ్లాను. కొన్ని ఇళ్లవాళ్లు మాత్రం చాలాకాలం నాకు తలుపు తియ్యలేదు. కిటికీ ఊచలకి నుదురు ఆనించి, చూసుకుపొమ్మనేవాళ్లు.